పందుల షెడ్డులో అమ్మోనియా తగ్గాలంటే

చెన్నై దగ్గర గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్ వైపు పందులు పెంచే మనవాళ్లు ముందు చూసుకోవాల్సింది నేల తడి. మూత్రంలోని యూరియాను పెంటలో ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్ అమ్మోనియాగా మార్చేస్తుంది. అందుకే మూత్రం వెంటనే కాలువలోకి జారేలా నేల వాలుగా ఉండాలి, పెంట రోజూ ఎత్తాలి.

పందుల కింద పొట్టు పరుపు వేస్తే వరి ఊక, రంపపు పొట్టు కలిపి 60 సెంటీమీటర్ల మందం ఉండాలి. పిడికిట్లో నొక్కినప్పుడు నీళ్లు కారాయంటే లోపల గాలి ఆడక మీథేన్ పుడుతోందన్నమాట. తడి భాగం తీసేసి పొడి పొట్టు వేయండి. తడిసిన పరుపు నుంచి నైట్రస్ ఆక్సైడ్ కూడా వస్తుంది, వాతావరణాన్ని వేడెక్కించడంలో అది మీథేన్ కంటే ఇంకా ప్రమాదం.

మే ఎండల్లో పులిసే పరుపు వేడి పందులు తట్టుకోలేవు. మూడో వంతు నేల కాంక్రీటుగానే వదలండి. అక్టోబరు వానలకు ముందే చూరు పొడిగించండి.