వానలో బోను కొట్టడం లేదా? మైనం మట్టిలో జరిగే తప్పులు, సరిచేసే దారులు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చెనక్కాయ పీకే రోజులూ ఈశాన్య రుతుపవనాల వానలూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. కాయ ముదిరే వేళకే ఎలుకలు గెనిమల్లో (చేని గట్లలో) కలుగులు తవ్వి కాయను లోపలికి మోసుకుపోతుంటాయి. స్ప్రింగు బోను తెచ్చి పెడితే మొదటి వానకే దాని చుట్టూ ఎర్రమట్టి బురదవుతుంది. మర్నాడు ఎండకు ఆ బురదే గట్టిపడి, ఎర పెట్టే పలకను కదలనివ్వదు. ఎలుక దాని మీదుగా నడిచి వెళ్లిన జాడ కనిపిస్తుంది, బోను మాత్రం కొట్టదు.

దీనికి చలి దేశాల వేటగాళ్ల ఉపాయం ఒకటి మనకూ పనికొస్తుంది. అమెరికా, కెనడాల్లో నక్కలకూ, తోడేలు లాంటి కొయోట్లకూ బోన్లు పెట్టేవాళ్లకు చలికాలంలో తడిమట్టి గడ్డకట్టి బోను బిగుసుకుపోవడమే పెద్ద బాధ. అందుకని వాళ్లు ఎండిన మట్టికి మైనం పట్టించి, బోను కిందా చుట్టూ పైనా ఆ మట్టే పోస్తారు. రేణువుకు మైనం పట్టాక అది నీళ్లు పీల్చదు. నీళ్లే లేకపోతే గడ్డకట్టడానికి ఏమీ ఉండదు. మనకు అంత చలి లేదు గానీ తడి మాత్రం అదే. నీళ్లు పట్టని మట్టి బురద కాదు, ఎండినా చెక్క కట్టదు.

చేసే పద్ధతి చిన్నదే. ఏ చేనులో బోను పెడతామో ఆ చేను మట్టినే జల్లించి బాగా ఎండబెట్టాలి. పాతిక కిలోల మట్టికి అరకిలో పారాఫిన్ మైనంతో మొదలుపెట్టి, చాలకపోతే ముప్పావు కిలో వరకు పోవచ్చు. వేడి మట్టిలో కరిగిన మైనం పోసి, చల్లారేదాకా పారతో తిప్పుతూనే ఉండాలి. అంతే. కుదరనప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడంలోనే పనంతా ఉంది.

మట్టి ఉండలు కట్టింది

అందరికీ ముందుగా ఎదురయ్యేది ఇదే. చాలామంది మైనం ఎక్కువైందనుకుంటారు. నేను చూసినంతలో అసలు కారణం మట్టిలో మిగిలిన చెమ్మ. పైకి పొడిగా కనిపించే మట్టి లోపల తడి దాచుకుని ఉంటుంది. తడి రేణువుకు మైనం అంటదు. పక్కనున్న పొడి రేణువుల మీదికే అంతా పోయి, వాటిని గుత్తులుగా అతికిస్తుంది. ఉండను విరిచి చూడండి. మధ్యలో ముదురు రంగు కనిపించి, వేలికి చల్లగా తగిలితే చెమ్మే కారణం. లోపలిదాకా ఒకే రంగుతో, వేళ్ల మధ్య జిడ్డుగా నలిగితే అప్పుడు మైనం ఎక్కువైందని అర్థం.

చెమ్మ ఉందో లేదో మైనం పోయకముందే తెలుసుకోవచ్చు. ఆరబోసిన మట్టి మీద ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టి, ఎండలో గంటసేపు వదిలేయండి. కవరు అడుగున సన్నటి నీటి చుక్కలు పట్టాయంటే మట్టి ఇంకా ఎండలేదు. కవరు తీసేసి, మట్టిని తిరగేసి మళ్లీ ఆరబెట్టండి. కవరు పొడిగా ఉండేదాకా మైనం జోలికి పోవద్దు.

మట్టి చల్లగా ఉండటం రెండో కారణం. పారాఫిన్ రకాన్ని బట్టి సుమారు యాభై నుంచి అరవై అయిదు డిగ్రీల మధ్య కరుగుతుంది. కరిగిన మైనాన్ని చల్లటి మట్టిలో పోస్తే పడ్డచోటే గడ్డకట్టి, గోళీలంత ఉండలు తయారవుతాయి. మట్టి కూడా చేయి పెట్టలేనంత వేడిగా ఉండాలి. వానలు మొదలయ్యాక పొయ్యి మీద రేకు పెట్టి మట్టిని వేయించాలంటే కట్టెల ఖర్చు, పొగ, ఒళ్లు హూనం. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండను వదులుకుని కార్తీకంలో తిప్పలు పడటం నాకు నచ్చదు. మే నెలలో మిట్టమధ్యాహ్నం నల్ల పట్ట మీద మట్టిని పలచగా పరిచి, మైనాన్ని సన్నగా తురిమి చల్లితే చాలు. మన ఎండకే అది మెత్తబడి రేణువులకు పట్టుకుంటుంది. గంటకోసారి తిరగేయాలి. సాయంత్రం చూస్తే తెల్లటి తురుము ఎక్కడా కనిపించకూడదు. కనిపిస్తే మర్నాడు ఇంకో ఎండ చూపించండి.

ఉండలు కట్టిన మట్టిని పారేయాల్సిన పని లేదు. చితక్కొట్టి అదే నల్ల పట్ట మీద పోసి, ఎండ బాగా ఎక్కాక తిప్పి, మళ్లీ జల్లిస్తే మూడొంతులు దక్కుతుంది. మైనం ఎక్కువైన మట్టికైతే మైనం కలపని పొడి మట్టిని కొద్దికొద్దిగా చేర్చి వేడిలో తిప్పాలి.

రేగడి మట్టికి ఇవేవీ సరిగా కుదరవు. బంక ఎక్కువ, ఎంత దంచినా గడ్డలే మిగులుతాయి. రేగడి చేలున్నవాళ్లు దగ్గర్లోని ఎర్ర గరప మట్టి తెచ్చుకోవడం మేలు.

మైనం పోశాం, అయినా నీళ్లు పీలుస్తోంది

గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిడికిలి బిగించండి. ముద్ద నిలబడాలి, వేలితో తాకితే పొడిగా రాలిపోవాలి. తర్వాత దాన్ని పలచగా పరిచి ఒక నీటిబొట్టు వేయండి. తామరాకు మీది బొట్టులా గుండ్రంగా నిలబడి, పళ్లెం వంచితే ఒంటికి ధూళి పూసుకుని దొర్లిపోవాలి. నెమ్మదిగా అణిగి ఇంకిపోతే మైనం చాలలేదు, లేదా సమంగా పట్టలేదు. బొట్లు నాలుగైదు చోట్ల వేసి చూడాలి. అన్నిచోట్లా ఇంకితే కిలోకు అయిదారు గ్రాముల లెక్కన మైనం పెంచండి. ఒకచోట నిలిచి ఒకచోట ఇంకితే మైనం పెంచవద్దు, మళ్లీ వేడి చేసి తిప్పండి.

మరీ సన్నటి జల్లెడ పట్టినా ఇదే బాధ. పిండిలాంటి మట్టికి పూయాల్సిన ఒళ్లు ఎక్కువ కాబట్టి మైనం ఎంతైనా మింగేస్తుంది. పైగా గాలికి ఎగిరిపోతుంది. జొన్న గింజ దిగే జల్లెడ సరిపోతుంది.

మైనం కరిగించేటప్పుడు పొగ, మాడు వాసన

ఇక్కడ మాత్రం గట్టిగా చెప్పాలి. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి. పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, అందులో మైనం గిన్నె దించి కరిగించండి. నీళ్లు నూరు డిగ్రీలు దాటవు కాబట్టి మైనం మాడదు, అంటుకోదు. పొయ్యి ఇంటి బయట పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. పొరపాటున మైనం అంటుకుంటే నీళ్లు పోయకూడదు. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని నలువైపులా చిమ్ముతాయి. మూతపెట్టి మంట ఆర్పాలి, లేదా పొడి మట్టి పోయాలి.

మాడిన మైనంతో చేసిన మట్టి బోనుకు పనికిరాదు. ఆ వాసన పోవడానికి చాలా రోజులు పడుతుంది.

ఎలుక దగ్గరిదాకా వచ్చి వెనక్కి పోతోంది

జాడలు బోనుకు జానెడు దూరంలో ఆగిపోతాయి, లేదంటే పక్కనుంచి తవ్వి ఎర లాగేసిన గుర్తు ఉంటుంది. ముందు వాసన సంగతి చూడండి. సువాసన కొవ్వొత్తులు, రంగు కొవ్వొత్తులు కరిగించిన మైనం వద్దు. మట్టిని యూరియా సంచిలోనో, డీజిలు డబ్బా పక్కనో, పురుగుమందులు పెట్టే గదిలోనో దాచినా ఆ వాసన పట్టేస్తుంది. అలాంటి మట్టిని నీడలో పలచగా పరిచి వారం రోజులు గాలికి వదిలితే కొంత నయమవుతుంది.

వాసన లేకపోయినా ఎలుక కొత్త వస్తువును అంత త్వరగా నమ్మదు. దాని దారిలో నిన్న లేనిది ఇవాళ కనిపిస్తే చుట్టూ తిరిగి చూసుకుంటుంది గానీ తాకదు. రెండు మూడు రాత్రులు స్ప్రింగు ఎక్కించకుండా, మైనం మట్టి పోసి, ఎర మాత్రం పెట్టి వదిలేయండి. తినడం అలవాటయ్యాక స్ప్రింగు ఎక్కించండి. ఓపిక లేక మొదటి రాత్రే ఎక్కించి, పడలేదని బోనునే తిట్టుకునేవాళ్లు ఎక్కువ. ఎరగా వేయించిన చెనక్కాయ పప్పు కన్నా ఎండుచేప ముక్క బాగా పనిచేస్తుందని నా నమ్మకం. చేనంతా చెనక్కాయే ఉన్నప్పుడు అదే పెడితే ఎలుకకు ప్రత్యేకం ఏముంది?

జాడ పలక మీదే ఉంది, బోను కొట్టలేదు

పలక కింద మట్టి చేరిందన్నమాట. మైనం మట్టి పొడిగా పారే గుణం ఉన్నది కాబట్టి సందు దొరికితే లోపలికి జారిపోతుంది. పలక కింద చిన్న దూది ఉండో, నలిపిన కాగితమో వదులుగా పెట్టి, ఆపైన మట్టి పోయండి. దూది మెత్తగా అణుగుతుంది, మట్టిని మాత్రం రానివ్వదు. పలక మీద మట్టి అర అంగుళం కంటే తక్కువే ఉండాలి.

పలమనేరు, కుప్పం వైపు మార్గశిర పుష్య మాసాల్లో తెల్లవారుజామున చలి బాగా పట్టుకుంటుంది. మైనం ఎక్కువైన మట్టి ఆ చలికి కొంచెం బిగుసుకుని పైన అట్టకట్టినట్టు అవుతుంది. చలి దేశాల వాళ్లు కూడా మైనం తక్కువతోనే సరిపెట్టుకోమనేది ఇందుకే. సాయంత్రం బోను పెట్టేటప్పుడు పైమట్టిని వేళ్లతో ఒకసారి కదిపితే చాలు.

పలక బాగానే ఉండి ఎర మాత్రం మాయమైతే చీమల్ని గానీ చిట్టెలుకల్ని గానీ అనుమానించండి. చిట్టెలుక బరువు పది పన్నెండు గ్రాములు, పందికొక్కు కోసం బిగించిన స్ప్రింగును అది కదిలించలేదు.

బోను ఊగుతోంది

ఎలుక అంచు మీద కాలు వేయగానే బోను ఒరిగితే ఇక ఆ దారిన అది రాదు. గుంత బోను కన్నా కొంచెమే పెద్దదిగా తీసి, అడుగున మైనం మట్టి రెండు వేళ్ల మందం పోసి, బోనును అటూ ఇటూ తిప్పుతూ అదమాలి. నాలుగు మూలలా వేలితో నొక్కి చూడండి. ఏ మూలైనా దిగితే తీసి మళ్లీ సర్దండి.

పెద్ద వాన తర్వాత అంతా తేలిపోయింది

మైనం మట్టి వానను ఆపుతుంది గానీ నిలిచిన నీటిని ఆపలేదు. గుంతలో నీళ్లు చేరితే తేలికైన రేణువులు పైకి తేలిపోతాయి. పల్లంలో పెట్టడమే తప్పు. గెనిమ మీద, వాలు వైపు, గుంత అడుగునుంచి నీళ్లు పోయే సన్నటి కాలువతో పెట్టాలి.

ఇంకో సంగతి. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కురిసినంత వాన కురిస్తే పల్లపు కలుగులు మునిగిపోయి, బతికిన ఎలుకలు ఎత్తు గెనిమలకూ చెరుకు తోటలకూ చేరతాయి. పాతచోట బోన్లు ఎన్ని రోజులు ఉంచినా ఖాళీగానే ఉంటాయి. వాన తెరిపిచ్చిన మర్నాడు కలుగులన్నీ మట్టితో మూసేసి, ఆ మరుసటి పొద్దున తెరుచుకున్నవి చూసుకుని అక్కడికి మార్చండి. ఈ లెక్కలో, ఎలుకలు పట్టే గిరిజనులైన యానాదుల కన్ను చాలా గొప్పది. కలుగు ముందు పోసిన మట్టి తాజాదనాన్ని చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పేస్తారు. మీ ఊళ్లో అలాంటి పెద్దాయన ఉంటే కూలి ఇచ్చి పిలుచుకోండి. బోన్ల ఖర్చులో సగం మిగులుతుంది.

ఎలుక కాకుండా ఇంకేదో పడింది

తొండలు, ఉడుతలు, పిట్టలు పడటం చూస్తే మనసు చివుక్కుమంటుంది. పగలు స్ప్రింగు ఎక్కించి ఉంచడమే దీనికి ముఖ్య కారణం. పొద్దుగూకాక ఎక్కించి, తెల్లవారగానే దించేయాలి. బోను మీద పగిలిన కుండ పెంకును వాలుగా ఆనించి ఎలుక దూరేంత సందే వదిలితే పిట్టలు రావు, వాన చినుకు కూడా నేరుగా పడదు. జిగురు అట్టలు చేలో అసలు వద్దు, ఎలుకల్ని తినే జెర్రిపోతులే వాటికి అంటుకుని చస్తాయి.

ఈ మట్టితో పెద్ద బోన్లు, ఉచ్చులు పెట్టి అడవి పందుల్నో ముంగిసల్నో పట్టాలని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. అనుమతి లేకుండా వాటికి ఉచ్చు వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్లలో ఆ ఉచ్చులో ఏది పడుతుందో ఎవరూ చెప్పలేరు. పంది బెడద ఉంటే అటవీ శాఖకు అర్జీ పెట్టండి.

చచ్చిన ఎలుకను ఒట్టి చేత్తో తీయకండి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, వానాకాలంలో మరీ ఎక్కువ. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తీసి, లోతుగా పాతిపెట్టి, సబ్బుతో కడుక్కోండి. అది పడ్డచోట తడిసిన మట్టిని కూడా దానితోపాటే పాతేయండి. మిగతా మైనం మట్టిని చేలో వదిలేయకుండా ఎత్తుకోండి. అది నీళ్లు పట్టదు కాబట్టి అక్కడ మొలక రావడం కష్టం. ఎత్తిన మట్టిని జల్లించి, మామూలు మట్టి ఎంత కలిసిందో బొట్టు వేసి చూసుకుని, శుభ్రమైన బియ్యం సంచిలో మూతి కట్టి అటక మీద పెడితే వచ్చే ఏడాదికి సగం పని అయిపోయినట్టే. తగ్గిన మైనాన్ని మళ్లీ మే నెల ఎండలో పట్టించుకోవచ్చు.