రోహిణి ఎండకొకటి, మిర్గం ముసురుకొకటి: కాలాన్ని బట్టి నొక్కుకోవాల్సిన చోట్లు

ప్రకృతి వైద్యం చదివి, తర్వాత చైనా సూది వైద్యం ఆక్యుపంక్చర్ నేర్చుకుని, పదహారేళ్లుగా నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక చిన్న గదిలో సూదులు వేస్తున్నాను. మొదట్లో నేను చేసిన పొరపాటు ముందు చెప్తాను. ఈ కాలాల వైద్యమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

చైనా లెక్కలో ఏడాదిలో అన్నిటికంటే వేడి రోజులను ‘సాన్‌ఫు’ అంటారు. అవి జూలై మధ్య నుంచి ఆగస్టు దాకా ఉంటాయి. నేను ఆ క్యాలెండరే పట్టుకుని జూలైలో వచ్చినవాళ్లందరికీ వేడి తగ్గించే బిందువుల్లో, అంటే ఒంటి మీద దానికని చెప్పిన చోట్లలో, సూదులు పెట్టేదాన్ని. ఒక ముసురు రోజు కనగల్ వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ అడిగింది: “బిడ్డా, తడిబట్ట కప్పినట్టు ఒళ్లంతా బరువుగున్నది. నువ్వేమో ఎండదెబ్బకు ఏసే సూదులేస్తున్నవేంది?” నాకు నోట మాట రాలేదు. చైనా వాళ్లు ‘తేమ రోగం’ అని దేన్నంటారో ఆమె అదే చెప్పింది. తేమ పట్టినవాడి తల బట్ట చుట్టినట్టు ఉంటుందని రెండు వేల ఏళ్ల కిందటి వాళ్ల గ్రంథం ‘హువాంగ్‌డీ నైజింగ్’లో ఉంది. చదివింది నేను, పోల్చుకున్నది ఆమె.

అందుకే నెలలు చూడకండి, వాతావరణం చూడండి. చైనా వైద్యం రోగాన్ని తెచ్చేవి ఆరంటుంది: గాలి, చలి, ఎండ, తేమ, పొడి, నిప్పు. మన కార్తెలూ వాతావరణానికి పెట్టుకున్న పేర్లే కదా. కాబట్టి ఈ రెండూ తేలిగ్గానే కలుస్తాయి.

ముందు కొలత నేర్చుకోండి. టేపు అవసరం లేదు. ఎవరి ఒంటికి వాళ్ల వేళ్లే కొలత. బొటనవేలి కణుపు దగ్గర వెడల్పు ఒక ‘చున్’, బొటనవేలు కాకుండా నాలుగు వేళ్లు కలిపి పెడితే మూడు చున్‌లు. పిల్లవాడి కాలు మీద మీ వేళ్లు పెట్టి కొలిస్తే తప్పుతుంది. గోరు తగలకుండా వేలి మెత్తతో నొక్కండి. సరైన చోట వేలు పడితే అక్కడ గుంజినట్టో, బరువెక్కినట్టో, తిమ్మిరి పాకినట్టో ఉంటుంది. ఒక్కో వైపు ఒకటి రెండు నిమిషాలు చాలు. ఇంట్లో వేలితో నొక్కుకోవడం వరకే. సూది మాత్రం నేర్చుకున్నవాళ్లే వేయాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అప్పటికి మోచేతి బిందువు, ‘చూచీ’. మోచేయి మడిస్తే ముడత పడుతుంది కదా, ఆ ముడత బయటి కొస దగ్గర, ఎముక పక్కన ఉంటుంది. ఎండన పడి వచ్చి నీడలో కూర్చున్నాక నొక్కుకోండి. దానికంటే ముందు ఉప్పేసిన మజ్జిగో అంబలో తాగాలి. చైనా ఇళ్లలో వేసవిలో పెసలు ఉడికించి ఆ నీళ్లు తాగుతారు. మన పెసరకట్టుకు కాస్త దగ్గరగా ఉంటుంది, దాన్ని పలుచగా చేసుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక మే నెలలో సెంట్రింగ్ పని చేసే అతన్ని తోటివాళ్లు నా గదికి మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు, మాట తడబడుతోంది. నేను మోచేతి బిందువు పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను. ఆ తర్వాతే 108కి ఫోన్ చేశాను. అతను బతికాడు గానీ, ఆ పది నిమిషాలకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా ఏ బిందువూ వెతకొద్దు. ఒంటి మీద నీళ్లు చల్లి విసురుతూ, 108కి ఫోన్ చేయండి.

మిర్గం, అంటే మృగశిర కార్తె, చినుకు పడ్డాక నా గదిలో జనం పెరుగుతారు. నాట్లేసే ఆడవాళ్లు రోజంతా బురదలో వంగి ఉంటారు. కాళ్లు లాగుతాయి, ఆకలి చచ్చిపోతుంది, పొద్దున లేస్తే ఒళ్లు కదలదు. చైనా వైద్యంలో తేమ మొదట దెబ్బతీసేది ప్లీహాన్ని. అంటే వాళ్ల లెక్కలో అరుగుదలనంతా చూసుకునే అవయవం అది. దీనికి నేను ముందు చూసేది మోకాలి కింది బిందువు, ‘జూసాన్లీ’. కుర్చీలో కూర్చుని మోకాలు మడవండి. మోకాలిచిప్ప కింద బయటివైపు చిన్న గుంట తగులుతుంది. అందులో చూపుడువేలు పెట్టి నాలుగు వేళ్లూ కిందికి ఆనించండి. చిటికెనవేలు ఆగిన చోటి నుంచి, ముందుకాలి ఎముక అంచుకు ఒక వేలు బయటికి జరగండి. పాదం పైకి ఎత్తి దించితే అక్కడి కండ కదులుతుంది. దాని మీద బొటనవేలు దింపండి. ఆ పెద్దమ్మకు చూపించినప్పుడు ఆమె వేలు రెండుసార్లు ఎముక మీదే పడింది. మూడోసారి “ఆఁ, గీడ, మడమ దాకా గుంజుతున్నది” అంది. పొద్దున, రాత్రి పడుకునే ముందు నొక్కుకోండి. ఈ రోజుల్లో పెరుగు, పచ్చళ్లు, నూనెలో వేయించినవి తగ్గించి, శొంఠి వేసిన వేడి చారుతో అన్నం తినండి.

ఈ కాలంలోనే దేవరకొండ నుంచి బస్సులో వచ్చేవాళ్లు వాంతులతో దిగుతారు. దానికి ‘నైగువాన్’: అరచేతి వైపు మణికట్టు ముడత నుంచి మూడు వేళ్లు పైకి, రెండు నరాల తాళ్ల మధ్య. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం ఈ బిందువుతో తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నేను నమ్మకంగా చెప్పే కొద్ది బిందువుల్లో ఇదొకటి. అన్నిటి గురించీ అలా చెప్పలేను.

దసరా దాటాక గాలి పొడిబారుతుంది. ముక్కు బిగుస్తుంది, పొడిదగ్గు మొదలవుతుంది. ముక్కుపుటాల రెండు పక్కలా చూపుడువేళ్లతో రుద్దితే చాలు. శరత్తులో పెందలాడే పడుకుని కోడితో పాటు లేవమని ‘నైజింగ్’ గ్రంథం చెప్తుంది. పత్తి తీసేవాళ్లకు ఆ మాట చెప్పక్కర్లేదు. వాళ్లు లేచేది అప్పుడే.

చలికాలానికి మాత్రం ఆ గ్రంథం మాట వేరు: త్వరగా పడుకో, ఆలస్యంగా లే, ఎండ వచ్చేదాకా ఆగు. తెల్లారి నాలుగింటికే పాలక్యాన్లతో బండెక్కేవాళ్లకు ఇది కుదరదు. అందుకే వాళ్లకు మెడ వెనక మఫ్లర్ తప్పనిసరి అంటాను. పుర్రె మొదట్లో, మెడ నరాలకు అటూ ఇటూ ఉన్న గుంటల పేరే ‘ఫెంగ్‌చీ’, అంటే గాలి గుంట. ఇంటికొచ్చాక రెండు బొటనవేళ్లతో వాటిని పైకి ఒత్తండి. రాత్రి లోపలి చీలమండకూ వెనక నరానికీ మధ్య ఉన్న పల్లాన్ని, ‘తైషీ’ని నొక్కండి. అది మూత్రపిండాలకు చెందిన బిందువు. చలికాలం వాటిదేనని వాళ్ల లెక్క. ఆ కాలానికి వాళ్లు మెచ్చేది నల్లనువ్వులు. మన సకినాల్లో నువ్వులు ఎలాగూ ఉంటాయి.

చలికి చైనా వాళ్లు బిందువుల దగ్గర కాల్చి వేడి పెట్టే ఎండు ఆకు, వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి చుట్టమే. అయినా ఇంట్లో కాల్చకండి, వేడినీళ్ల సంచి చాలు. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లకు అదీ వద్దు, కాలినా తెలియదు. గర్భిణులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న ‘హెగు’నూ, లోపలి చీలమండకు నాలుగు వేళ్లు పైన ఉన్న బిందువునూ ముట్టుకోవద్దు.

మర్రిగూడ వైపు నుంచి వంగిపోయిన నడుములతో వచ్చేవాళ్లకు నేను ఉన్నది ఉన్నట్టు చెప్తాను: సూదితో నొప్పి కొంత తగ్గొచ్చు గానీ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ పోదు. బోరునీళ్లు మానేసి నల్లా నీళ్లే తాగండి, డాక్టర్ దగ్గర చూపించుకోవడం ఆపకండి. ఎవరి దగ్గర సూది వేయించుకున్నా, ఒక్కసారే వాడే సూదుల ప్యాకెట్ మీ కళ్ల ముందే చించమనండి. ఛాతీ మీదా వీపు మీదా లోతుగా వేస్తే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. అక్కడ ఎంత లోతుకు వేస్తారో అడగండి. అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర వేయించుకోకండి.