పేజీ స్పీడు, 4వ పాఠం: బ్యాక్ నొక్కితే ఏమవుతోంది?

పోయినసారి ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఎంతసేపు పడుతోందో కొలవమన్నా కదా, చాలామంది రీలోడ్ కొట్టి ఆ నంబర్ పంపారు. అందుకే ఈవారం అనుకున్న పాఠం పక్కనపెట్టి, బ్యాక్ నొక్కి వెనక్కొచ్చే సంగతే చూద్దాం.

కొత్తగా సైట్‌కొచ్చినవాళ్లు రీలోడ్ కొట్టరు. లిస్టులో ఒకటి నొక్కుతారు, చూస్తారు, వెనక్కొస్తారు, ఇంకోటి నొక్కుతారు. వెనక్కొచ్చిన ప్రతిసారీ తెల్ల స్క్రీన్ వచ్చి, స్క్రోల్ మళ్లీ పైకెళ్లిపోయిందనుకోండి, మూడోది నొక్కకుండానే వెళ్లిపోతారు. పాతవాళ్లు పనుంది కాబట్టి ఓర్చుకుంటారు, కొత్తవాళ్లకేం అవసరం? 0.1 సెకను లోపు జరిగితే మనిషికి వెంటనే జరిగినట్టే ఉంటుందని వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరిశోధించే జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. బ్యాక్ బటన్‌కి నేను పెట్టుకునే హద్దు అదే.

అది సాధ్యమే, ఎందుకంటే బ్రౌజర్‌లో బీఎఫ్‌క్యాష్ (బ్యాక్/ఫార్వర్డ్ క్యాష్) ఉంది. పేజీని జావాస్క్రిప్ట్‌తో సహా ఉన్నదున్నట్టు మెమరీలో ఆపి ఉంచుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో 2005 నుంచే ఉంది, క్రోమ్‌లో ఆండ్రాయిడ్‌కి 2020లో, డెస్క్‌టాప్‌కి 2021లో వచ్చింది.

ఇక నాకు ఒళ్లుమండే విషయం, అన్‌లోడ్ ఈవెంట్, అంటే పేజీ వదిలి వెళ్లేటప్పుడు కోడ్ నడిపించడానికి బ్రౌజర్ ఇచ్చే సంకేతం. డెస్క్‌టాప్ క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో దీనికి స్పందించే కోడ్ పేజీలో ఎక్కడ ఒక్కచోట తగిలించి ఉన్నా బీఎఫ్‌క్యాష్ పోయినట్టే. "నా కోడ్‌లో లేదండీ" అంటారు, నిజమే, మీ కోడ్‌లో ఉండదు, మీరు అతికించిన అనలిటిక్స్ (ఎవరొచ్చారో లెక్కేసే) స్క్రిప్టులోనో చాట్ విడ్జెట్‌లోనో ఉంటుంది. నేను రెండ్రోజులు నా కోడ్ అంతా తిరగేశా, చివరికి చూస్తే చాట్ విడ్జెట్‌లో ఒకే ఒక్క లైను. పైగా ఆండ్రాయిడ్ క్రోమ్ అన్‌లోడ్ ఉన్నా పేజీని క్యాష్‌లో ఉంచడానికే చూస్తుంది, అందుకే ఫోన్‌లో చూసి అంతా బాగుందనుకుంటాం, డెస్క్‌టాప్‌లో జనం విసుక్కుంటుంటారు. అన్‌లోడ్ తీసేసి, పేజీ వదిలేటప్పుడే వచ్చే ఇంకో ఈవెంట్ పేజ్‌హైడ్ పెట్టండి, దాదాపు ప్రతి పనికీ అది సరిపోతుంది. పేజీని దాచుకోవద్దని సర్వర్ బ్రౌజర్‌కి చెప్పే నో-స్టోర్ హెడర్ కూడా అడ్డుపడొచ్చు, అవసరం లేనిచోట తీసేయండి.

చెక్ చేయడానికి క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (డెవలపర్ల కోసం క్రోమ్‌లోనే ఉండే పరికరాలు) అప్లికేషన్ ట్యాబ్‌లో బ్యాక్/ఫార్వర్డ్ క్యాష్ అని ఉంటుంది, టెస్ట్ నొక్కితే కారణంతో సహా చెప్తుంది. నేనైతే ముందు పేజీ తెరమీదకి వచ్చినప్పుడు వచ్చే పేజ్‌షో ఈవెంట్‌లో పర్సిస్టెడ్ అనే విలువని కన్సోల్‌లో ప్రింట్ చేస్తా, వెనక్కొచ్చినప్పుడు ట్రూ వస్తే క్యాష్ నుంచి వచ్చినట్టు.

ప్రాక్టీస్: మీ సైట్‌లో ఐదు పేజీలు తీసుకోండి, ఫోన్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ వెనక్కొచ్చి పర్సిస్టెడ్ రాసుకోండి. ఫాల్స్ వచ్చిన పేజీలో బయటి స్క్రిప్టులు ఒక్కొక్కటే తీసేస్తూ, ఏది తీస్తే ట్రూ అయిందో దాని పేరుతో సహా పంపండి. రీలోడ్ నంబర్లు మాత్రం వద్దు.