అనారోగ్యంతో పిల్లలు తరచూ బడి మానాల్సి వస్తే పాఠశాలతో ఎలా వ్యవహరించాలి?

డెంగీ వచ్చి పది రోజులు మంచం పట్టిన పిల్లవాడికీ, మేనమామ పెళ్లికని పది రోజులు ఊరెళ్లిన పిల్లవాడికీ హాజరు పట్టీలో పడే గుర్తు ఒక్కటే. గైర్హాజరు వెనుక ఉన్న కారణం రికార్డులోకి ఎక్కాలంటే దానిని తల్లిదండ్రులే కాగితం మీద పెట్టి, సకాలంలో పాఠశాలకు చేర్చాలి. చాలామంది తరగతి ఉపాధ్యాయురాలికి ఫోనులో ఒక మాట చెప్పి సరిపెట్టుకుంటారు. నాలుగు నెలల తరువాత హాజరు తగ్గిందని బడి నుంచి కబురు వచ్చే సమయానికి ఆ ఫోను మాట ఎవరికీ గుర్తుండదు. ఒక్కోసారి ఆ ఉపాధ్యాయురాలు కూడా అక్కడ ఉండరు. గొడవ రాకముందే కాగితం సిద్ధంగా ఉంచుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చూద్దాం.

1. మొదటి రోజే తెలియజేయండి

పిల్లలు బడికి వెళ్లలేని రోజు ఉదయమే తరగతి ఉపాధ్యాయులకు విడిగా సందేశం పంపండి. తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అక్కడ నలభై కుటుంబాలు చదువుతాయి, జబ్బు పేరు మీద వ్యాఖ్యానాలు మొదలవుతాయి, పైగా ఉపాధ్యాయులు ఆ సందేశాన్ని గమనిస్తారన్న భరోసా కూడా లేదు.

అంటువ్యాధి అయితే మాత్రం జబ్బు పేరు దాచకూడదు. ఆటలమ్మ పోసిందని చెప్పడానికి కొందరు ఇప్పటికీ సంకోచిస్తారు గాని, పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది పక్క పిల్లలకు అంటుకుంటుంది కాబట్టి, బడికి ఎంత త్వరగా తెలిస్తే మిగతావారికి అంత మేలు. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టే వరకు, అంటే సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు, పిల్లలను పంపకూడదు. గవదబిళ్లలకు వాపు మొదలైన నాటి నుంచి ఐదు రోజులు, తట్టుకు దద్దుర్లు వచ్చిన నాటి నుంచి నాలుగు రోజులు ఇంట్లో ఉంచాలన్నది వైద్యులు పాటించే లెక్క.

2. సెలవు ఉత్తరం వివరంగా రాయండి

మనందరికీ చిన్నప్పుడు బట్టీ పెట్టించిన సెలవు చీటీ ఒకటి ఉంది. అందులో కారణం ఎప్పుడూ జ్వరమే. తిరునాళ్లకు వెళ్లినా జ్వరమే, చుట్టాలు వచ్చినా జ్వరమే. అందుకే నిజంగా జ్వరం వచ్చినప్పుడు ‘జ్వరం కారణంగా’ అన్న ఒక్క ముక్క రాస్తే ఏ ప్రధానోపాధ్యాయుడూ దానిని పట్టించుకోడు. ఉత్తరం ఇలా ఉండాలి:

“గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, మీ పాఠశాలలో 7వ తరగతి బి సెక్షనులో, రోల్ నంబరు 23గా చదువుతున్న మా అమ్మాయికి ఆగస్టు 4వ తేదీన జ్వరం మొదలైంది. 6వ తేదీన రక్తపరీక్షలో డెంగీ అని తేలగా, 10వ తేదీ వరకు ఆసుపత్రిలో ఉంచి చికిత్స చేయించాము. మరో వారం ఇంటి వద్ద విశ్రాంతి అవసరమని వైద్యులు రాసి ఇచ్చారు. కావున ఆగస్టు 4 నుంచి 17 వరకు సెలవు మంజూరు చేయవలసిందిగాను, ఈలోగా జరిగే ఎఫ్‌ఏ పరీక్షను తరువాత రాసే అవకాశం కల్పించవలసిందిగాను కోరుతున్నాను. డిశ్చార్జ్ సమ్మరీ, రక్తపరీక్ష రిపోర్టుల జిరాక్సు ప్రతులు జతపరిచాను.”

ఇందులో తేదీలున్నాయి, జబ్బు పేరుంది, విశ్రాంతి చెప్పింది వైద్యులని ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా బడి నుంచి మీరు ఏమి కోరుతున్నారో స్పష్టంగా ఉంది. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్లు తేదీతో సంతకం, బడి ముద్ర వేయించుకోండి. సంతకానికి కార్యాలయంలో వెనకాడితే అదే ఉత్తరాన్ని బడి ఈమెయిలుకు గాని, రిజిస్టర్డ్ పోస్టులో గాని పంపండి.

3. వైద్య పత్రాలు ఆసుపత్రిలో ఉండగానే అడిగి తీసుకోండి

ఓపీ చీటీ, పరీక్షల రిపోర్టులు, మందుల బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ ఒకే ఫైలులో తేదీల వరుసలో పెట్టుకోండి. ఇంట్లో విశ్రాంతి ఎన్ని రోజులు అవసరమో రాసిన మెడికల్ సర్టిఫికెట్టును డిశ్చార్జి రోజే అడగాలి. మూడు నెలల తరువాత వెళ్లి పాత తేదీ వేసి ఇమ్మంటే మంచి వైద్యులెవరూ ఇవ్వరు. అడగడం కూడా సరికాదు. సర్టిఫికెట్టు మీద వైద్యుల రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. పల్లెల్లో మొదట చూసేది ఆర్‌ఎంపీయే (వైద్య డిగ్రీ లేని ఊరి వైద్యుడే) అయినా, ఆయన రాసిన చీటీ హాజరు మినహాయింపునకు పనికిరాదు. జబ్బు నాలుగైదు రోజులు దాటేటట్లు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఏరియా ఆసుపత్రిలోనో చూపించి ఓపీ చీటీ రాయించుకోవడం రెండు విధాలా మంచిది. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి.

4. హాజరు లెక్క మీరే వేసుకోండి

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పనిదినాలు ఉండాలి. పథకాలూ బోర్డులూ సాధారణంగా అడిగేది 75 శాతం హాజరు. 220లో 75 శాతం అంటే 165. అంటే 55 రోజుల వరకు వెసులుబాటు ఉన్నట్లు కనిపిస్తుంది. ఇది వినడానికి చాలా ఎక్కువే. కాని తలసేమియా ఉన్న బిడ్డను మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించడానికి తీసుకువెళ్లే తల్లిని అడిగితే తెలుస్తుంది: బడి నడిచే పది నెలల్లో పద్నాలుగు పదిహేను సార్లు, ప్రయాణంతో కలిపి సారికి రెండేసి రోజులు, అక్కడికే ముప్పై. వానాకాలం జ్వరాలు, దగ్గులు వాటికి తోడైతే 55 దాటడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే ప్రతి నెలాఖరున బడిలో నమోదైన హాజరును మీ క్యాలెండరుతో పోల్చి చూడండి. పూట హాజరు విషయం కూడా అడగండి: మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకువెళ్లిన రోజున ఉదయం పూట హాజరు పడిందా, రోజంతా గైర్హాజరు వేశారా అన్నది చాలామంది చూసుకోరు.

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల చదువుకు తల్లులకు డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకానికి కూడా 75 శాతం హాజరు షరతు ఉంది కాబట్టి, ఈ లెక్క ప్రభుత్వ బడి పిల్లల ఇళ్లలోనూ డబ్బుతో ముడిపడినదే.

పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సీబీఎస్‌ఈ పాఠశాలల్లో బోర్డు పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు తప్పనిసరి. ఆ హాజరును జనవరి 1 నాటికి లెక్కిస్తారు. తీవ్ర అనారోగ్యం వంటి కారణాలుంటే మిగిలిన 25 శాతంలో సడలింపు ఇచ్చే వీలుంది గాని, దానికి తల్లిదండ్రుల దరఖాస్తు, ప్రభుత్వ వైద్యుల సర్టిఫికెట్టు, పరీక్షల రిపోర్టులు, పాఠశాల సిఫారసు అన్నీ కలిపి బడి ద్వారానే బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లాలి. అనారోగ్యంతో సెలవు పెట్టినవారు వెంటనే వైద్య పత్రాలతో దరఖాస్తు ఇవ్వాలని, రాతపూర్వక దరఖాస్తు లేని సెలవును అనుమతి లేని గైర్హాజరుగానే చూస్తామని సీబీఎస్‌ఈ 2025లో మళ్లీ స్పష్టం చేసింది. కనుక డిసెంబరు ఆఖరి వారంలో పరుగులు పెట్టకుండా, నవంబరులోనే ప్రిన్సిపాలును కలిసి ఫైలు ముందు పెట్టడం మేలు. ఇంటర్ బోర్డులో హాజరు తగ్గినవారికి కండోనేషన్ ఫీజు, అంటే రుసుము కట్టి మినహాయింపు పొందే పద్ధతి ఉంది. గడువు, రుసుము ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి.

5. దీర్ఘకాలిక జబ్బయితే ముందే కూర్చుని మాట్లాడండి

ఆస్తమా, మూర్ఛ, టైప్–1 మధుమేహం, నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రపిండాల జబ్బు) వంటివి ఉన్నప్పుడు జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ప్రధానోపాధ్యాయులను, తరగతి ఉపాధ్యాయులను కలిసి ఒక పేజీ కాగితం ఇవ్వండి. జబ్బు పేరు, బడిలో కనిపించే లక్షణాలు, అప్పుడు చేయవలసిన పని, చేయకూడని పని, ఫోను నంబర్లు అందులో ఉంటే చాలు. మధుమేహం ఉన్న బిడ్డకు చెమటలు పట్టి తల తిరుగుతోందంటే ముందు పంచదార నీళ్లో గ్లూకోజో ఇవ్వాలని, ఆ తరువాతే ఇంటికి ఫోను చేయాలని టీచరుకు తెలిసి ఉండటం ప్రాణానికి సంబంధించిన విషయం. ఇలాంటి పిల్లలు పరీక్ష హాలులోకి చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్లు తీసుకువెళ్లవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతించింది.

ఫిట్సు, క్షయ వంటి జబ్బుల పేరు చెబితే బిడ్డను వేరుగా కూర్చోబెడతారేమో అన్న భయం నిరాధారమైనదేమీ కాదు. అయినా ప్రధానోపాధ్యాయుల వరకు చెప్పి, తక్కినవారికి చెప్పవద్దని ఉత్తరంలోనే కోరడం మంచిదని నా అభిప్రాయం. క్షయ విషయంలో, మందులు మొదలుపెట్టాక ఇక అంటుకునే ప్రమాదం లేదని వైద్యులు రాసి ఇచ్చిన పత్రాన్ని తీసుకువెళితే సగం చర్చ అక్కడే ముగుస్తుంది.

తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చేరిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. వీటికి వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే, బడి నుంచి తగిన వెసులుబాట్లు కోరడానికి చట్టబద్ధమైన ఆధారం దొరుకుతుంది. బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్షలో ఇంటి వద్దే బోధించే ఏర్పాటు ఉంది. వివరాలకు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో అడగవచ్చు.

6. తిరిగి వెళ్లేటప్పుడు నోట్సు సంగతి తేల్చుకోండి

రెండు వారాల తరువాత బడికి వెళ్లిన పిల్లలను బెంబేలెత్తించేది పాఠం కాదు, నోట్సు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానిలో పది పేజీలు, సోమవారానికల్లా పూర్తి చేసి చూపించాలన్న ఆజ్ఞ. డెంగీ తగ్గినా నీరసం కొన్ని వారాలు వదలదు. ఆ నీరసంతో రాత్రి పదకొండు దాకా పక్కింటి అమ్మాయి పుస్తకం చూసి అర్థం కాకుండా అరవై పేజీలు దించిన బిడ్డ, మూడో రోజున మళ్లీ తలనొప్పితో పడుకుంటుంది.

ఇది మాట్లాడి తేల్చుకోగలిగిన విషయమే. ముందుగా టీచర్లను కలిసి, సాంఘిక శాస్త్రం, సామాన్య శాస్త్రం వంటి వాటికి తోటి విద్యార్థి నోట్సు జిరాక్సు తీయించి పుస్తకంలో అతికించడానికి అనుమతి అడగండి. కారణం చెప్పి మర్యాదగా అడిగితే ఒప్పుకునేవారే ఎక్కువ. గణితం మాత్రం చేత్తో చేయవలసిందే, ఎందుకంటే తప్పిపోయిన అధ్యాయం మీదే తరువాతి అధ్యాయం నిలబడుతుంది. అయితే అన్ని లెక్కలూ కాకుండా, ప్రతి అభ్యాసంలో ఏ నాలుగు చేస్తే చాలో టీచరు చేతనే గుర్తు పెట్టించుకోండి. రాయలేకపోయిన పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారో తేదీ అడగండి. మొదటి వారం ప్రార్థన సమయంలో నిలబెట్టకుండా, ఆటల పీరియడులో కూర్చోనిచ్చేటట్లు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టులోనే ఒక వాక్యం రాయించుకుంటే వాదన ఉండదు.

7. బడి వినకపోతే

ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యే వరకు బడి నుంచి తొలగించడానికి విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షను ఒప్పుకోదు. 2019లో వచ్చిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారిని ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చిందే గాని, తొలగించే వీలు ఇవ్వలేదు. బడి మానినందుకు కొట్టడం, తరగతిలో నిలబెట్టి అవమానించడం 17వ సెక్షను కింద నిషిద్ధం. అయితే మొదటి రోజే చట్టం ఎత్తితే ఎదుటివారు తలుపు మూసేసుకుంటారు. ముందు తరగతి ఉపాధ్యాయులు, తరువాత ప్రధానోపాధ్యాయులు లేదా ప్రిన్సిపాలు, ఆపైన మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి అన్న వరుస తప్పకుండా వెళ్లండి. ప్రతి మెట్టులోనూ కింది మెట్టులో ఇచ్చిన ఉత్తరం ప్రతిని జతచేయండి. అక్కడా పని కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ముందు హాజరు గడి చూడండి. మీ ఫైలులోని తేదీలతో ఆ అంకె సరిపోకపోతే, వేసవి సెలవులకు కార్యాలయం మూయకముందే, ముట్టినట్లు సంతకం ఉన్న ప్రతులు చూపించి దిద్దించుకోండి.