సెకండ్ హ్యాండ్ కారు బేరానికి వెళ్తున్నారా? షోరూంలో అడుగుపెట్టకముందే పడాల్సిన జాగ్రత్తలు

నేను మొదటిసారి కొన్న కారు సెకండ్ హ్యాండే. బేరం బాగా ఆడాననుకున్నాను. డీలర్ చెప్పిన ధర మీద గంటసేపు మాట్లాడి, కొంత తగ్గించుకుని, సంతోషంగా కాగితాల టేబుల్ దగ్గరికి వెళ్లాను. అక్కడ నా ముందు పెట్టిన కాగితంలో కారు ధర కింద ఇంకో ఐదు వరుసలున్నాయి. డాక్యుమెంట్ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, పెయింట్ కోటింగ్, అదనపు వారంటీ, లోన్ ప్రాసెసింగ్ ఫీజు. అన్నీ కూడితే నేను తగ్గించుకున్నదానికన్నా ఎక్కువే అయింది. అప్పటికి మూడు గంటలు గడిచిపోయాయి. ఇంటికి ఫోన్ చేసి కారు ఓకే అయిందని కూడా చెప్పేశాను. ఇక కాదని లేచి రావడానికి మనసొప్పక సంతకం పెట్టేశాను.

అక్కడ నాకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్న నేనే అడగలేదు: ‘అన్నీ కలిపి, బండి నా పేరు మీదికి మారి ఇంటికి చేరేసరికి నేను కట్టేది మొత్తం ఎంత?’ ఆ తర్వాత నాకోసం, ఇంట్లోవాళ్ల కోసం ఇంకొన్ని బండ్లు బేరమాడాను. ప్రతిసారీ నన్ను కాపాడింది ఈ ఒక్క ప్రశ్నే. దాన్ని ధైర్యంగా అడగాలంటే ముందు కొంత పని చేసుకుని వెళ్లాలి. ఆ పనేమిటో చెప్తాను.

ఇల్లు కదలకముందు

మీకు కావలసిన మోడల్, అదే సంవత్సరం, అదే వేరియంట్, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్ల ప్రకటనలు కనీసం పది చూడండి. ధరలు ఒక కాగితం మీద రాసుకోండి. ఇవన్నీ అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు, నిజంగా అమ్ముడుపోయే ధరలు కావు. అందుకే రెండు వారాలాగి అవే ప్రకటనలు మళ్లీ చూడండి. కొన్ని మాయమైపోయి ఉంటాయి. కొన్ని ధర తగ్గించుకుని ఉంటాయి. కొన్ని కదలకుండా అక్కడే ఉంటాయి. ఆ ధరకు ఆ బండి పోవట్లేదని మీకు అర్థమైపోతుంది. బేరంలో ఇంతకన్నా పనికొచ్చే సమాచారం ఇంకోటి లేదు. చాలామంది డీలర్లు అప్పు తెచ్చి బండ్లు కొని నిలబెడతారు. బండి ఎన్ని రోజులు నిలబడితే అంత వడ్డీ వాళ్ల మీద పడుతుంది. నెల రోజులుగా ఉన్న బండి మీద తగ్గించినంతగా నిన్న వచ్చిన బండి మీద తగ్గించరు.

తర్వాత రెండు అంకెలు రాసుకోండి. ఒకటి మీరు మొదట చెప్పబోయే ధర. రెండోది ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడని ధర. ఈ రెండో అంకెలో పేరు మార్పిడి ఖర్చు, పన్నులు, ఇన్సూరెన్స్, ఫీజులు అన్నీ కలిసి ఉండాలి. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో ముందే కనుక్కోవచ్చు, ఒక్క ఫోన్ చాలు. ఆ అంకెను ఇంట్లో ఒకరికి చూపించి వెళ్లండి. మనసులో అనుకున్న అంకె షోరూంలో ఇట్టే సాగిపోతుంది. ఇంకొకరికి చూపించిన అంకె అంత తేలిగ్గా సాగదు.

లోన్ తీసుకోవాలనుకుంటే ముందు మీ బ్యాంకులో అడిగి, ఎంత ఇస్తారో, వడ్డీ ఎంతో రాయించుకుని వెళ్లండి. షోరూంవాళ్లు ఇప్పించే లోన్ కొన్నిసార్లు మెరుగ్గానే ఉండొచ్చు. పోల్చుకోవడానికి మీ చేతిలో ఒకటి ఉంటేనే ఆ సంగతి తెలుస్తుంది.

బండి దగ్గర

ఇక్కడే ఎక్కువసేపు గడపండి. బేరానికి కావలసిన బలమంతా బండి దగ్గరే దొరుకుతుంది.

వెళ్లగానే మాటల్లో పడకముందే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. వేడి ఇంజిన్ తేలిగ్గా స్టార్ట్ అవుతుంది, తన జబ్బులు చాలావరకు దాచుకుంటుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మొదటి నిమిషంలో వినిపించే కటకట చప్పుడు, పొగ గొట్టంలోంచి వచ్చే నీలి పొగ, బండి కదలకుండా ఉన్నప్పుడు ఇంజిన్ నిలకడగా తిరగకుండా ఊగడం, ఇవన్నీ ఇంజిన్ లోపల సంగతి చెప్తాయి. నీలి పొగ వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతోందని అర్థం. వెచ్చగా ఉంటే మొహమాటపడకండి, ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి.

తర్వాత టైర్లు. ఒక టైరు పక్కన కూర్చుని దాని పక్క గోడ మీద వేలితో తడుముతూ వెతికితే, కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగు అంకెలు కనిపిస్తాయి. 3219 అని ఉందనుకోండి, ఆ టైరు 2019లో 32వ వారంలో తయారైంది. ఇలా నాలుగూ చూడండి, స్టెప్నీ కూడా. రబ్బరు గాడుల లోపల అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి. టైరు అరిగి ఆ దిమ్మెలకు సమానమైతే మార్చే వేళయినట్టే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదని చాలా దేశాల్లో చట్టమే ఉంది. ఒక పక్కే అరిగితే వీల్ అలైన్‌మెంట్‌లోనో సస్పెన్షన్‌లోనో లోపం ఉండి ఉంటుంది. నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే అది చిన్న ఖర్చు కాదు. టైర్ల షాపులో అడిగి ఆ ఖర్చు రాసుకోండి.

ఓడోమీటర్ చూపించే కిలోమీటర్లను బండితోనే పోల్చి చూడండి. ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిన కారులో బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండకూడదు. స్టీరింగ్ తోలు మెరిసిపోతూ, డ్రైవర్ సీటు అంచు నలిగి ఉండకూడదు. అలా ఉంటే సర్వీస్ రికార్డుల్లో తేదీలు, కిలోమీటర్లు వరుసగా చూడండి. వెనకటి బిల్లులో ఎక్కువ, ఇప్పుడు మీటర్లో తక్కువ కనిపిస్తే ఇక బేరం మాట అనవసరం. థాంక్స్ చెప్పి వచ్చేయండి.

రంగు పగటి వెలుతురులోనే చూడాలి. డోరుకీ డోరుకీ మధ్య సందులు సమానంగా ఉన్నాయా, ఒక ప్యానెల్ మీద రంగు ఛాయ తేడాగా ఉందా గమనించండి. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ మెకానిక్ దగ్గర ఉంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీలో వేసిన రంగు సాధారణంగా 200 మైక్రాన్లలోపే ఉంటుంది. పుట్టీ పెట్టి మళ్లీ రంగు వేసిన చోట మీటర్ చాలా ఎక్కువ చూపిస్తుంది. చిన్న గీత పడి రంగు వేయించి ఉంటే దానికి భయపడాల్సిన పని లేదు. యాక్సిడెంట్ అయి ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, వంగిందా అన్నదే అసలు ప్రశ్న. వరద నీళ్లలో మునిగిన బండ్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద మరకలు ఉండిపోతాయి. కార్పెట్ కింద తుప్పు, సీటు బోల్టుల మీద తుప్పు, ముక్కుకు తగిలే ముక్కిపోయిన వాసన కూడా ఆనవాళ్లే.

ఇంత చూశాక కూడా మీ సొంత మెకానిక్‌ను తీసుకెళ్లండి. ఆయనకు ఇచ్చే ఫీజు వృథా అనుకోకండి. డ్యాష్‌బోర్డు కింద ఉండే పోర్టుకు ఆయన స్కానర్ పెడతారు. ఇంజిన్ లైటు ఆర్పడానికి ఎవరైనా ముందురోజే ఎర్రర్ కోడ్‌లు చెరిపేసి ఉంటే, బండి తనను తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తికాలేదని ఆ స్కానర్‌లో కనిపిస్తుంది. బయటి మెకానిక్‌తో చూపించడానికి డీలర్ ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. పొరపాటు పడకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ వాడరు. బండి మీద ఉన్నదీ కాగితాల్లో ఉన్నదీ ఒక్కో అక్షరం సరిచూడండి. ఆ నంబర్‌తోనే కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే బండిని వెనక్కి పిలవడం, ఏదైనా పెండింగ్ ఉందేమో చూడొచ్చు. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ ప్రపంచవ్యాప్తంగా కోట్ల బండ్లకు వర్తించింది. అలాంటి రిపేర్లు మామూలుగా కంపెనీ ఉచితంగానే చేస్తుంది. పాత అప్పు ఏదైనా బండి మీద ఇంకా ఉందా, తీరిపోతే తీరినట్టు కాగితం ఉందా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

టేబుల్ దగ్గర

మా అక్క కారు కొనేటప్పుడు నేను తోడు వెళ్లాను. కూర్చోగానే సేల్స్‌మన్ అడిగిన మొదటి ప్రశ్న ఇది: “మేడం, నెలకి ఎంత కట్టగలరు?” మర్యాదగా, మన మంచి కోసమే అన్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. అక్క చెప్పిన జవాబు నాకిప్పటికీ గుర్తుంది. “నెల సంగతి తర్వాత చూద్దామండీ. ముందు బండి మొత్తం ధర, అన్నీ కలిపి, కాగితం మీద రాసివ్వండి.”

ఆ జవాబు ఎందుకంత ముఖ్యమో లెక్కలోనే చూడండి. అప్పు 100 అనుకుందాం. తగ్గే బాకీ మీద పది శాతం వడ్డీ అయితే మూడేళ్లలో మీరు కట్టేది మొత్తం సుమారు 116. ఐదేళ్లకు సాగదీస్తే ఈఎంఐ తగ్గుతుంది కానీ మొత్తం 127 దాటుతుంది. అదే పది శాతం ‘ఫ్లాట్’ అన్నారనుకోండి, కట్టేకొద్దీ బాకీ తగ్గినా వడ్డీ మాత్రం మొదటి అప్పు మొత్తం మీదే వేస్తారు, మూడేళ్లకు కట్టేది 130. అంటే తగ్గే బాకీ లెక్కలో అది దాదాపు 18 శాతం వడ్డీ. ఈఎంఐ ఒక్కటే చూసుకుంటే ధర పెంచినా, ఏళ్లు పెంచినా మనకు తెలియదు. అందుకే వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని తప్పకుండా అడగండి.

పాత కారు ఎక్స్ఛేంజ్ ఇవ్వాలనుకుంటే ఆ మాట కొత్తగా కొనే బండి ధర తేలాకే ఎత్తండి. రెండూ కలిపి మాట్లాడితే ఒక చోట ఇచ్చింది ఇంకో చోట పోతుంది. పాత కారుకు బయట ఎంత వస్తుందో రెండు చోట్ల అడిగి వెళ్లండి.

ఇక ధర చెప్పే తీరు. ‘కొంచెం తగ్గించండి’ అంటే కొంచెమే తగ్గిస్తారు. ఎందుకు తగ్గించాలో చెప్పి ఒక అంకె చెప్పండి. “టైర్లు నాలుగూ మార్చాలి, దానికి ఇంత. ముందు బ్రేక్ ప్యాడ్‌లు అయిపోయాయి, ఇంత. ఇలాంటివే మూడు బండ్లు ఈ ధరకు ఉన్నాయి. అన్నీ కలిపి నేను ఇంత ఇవ్వగలను.” ఇలా చెప్పి ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం చాలా ఇబ్బందిగా ఉంటుంది. టెన్షన్‌లో మనమే నోరు తెరిచి ఇంకొంచెం పెంచేస్తాం. ఆ రోజు అక్క కాగితాల వైపు చూస్తూ కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి సేల్స్‌మన్ లేచి, “మేనేజర్‌ని అడిగి వస్తాను” అని లోపలికి వెళ్లారు. ఇరవై నిమిషాలు పట్టింది. వచ్చాక చెప్పిన ధర తగ్గింది కానీ అక్క అంకెను ఇంకా దాటే ఉంది. అక్క ఫోన్ నంబర్ ఇచ్చి, ఈ ధరకు కుదిరితే చెప్పమని లేచింది. రెండో రోజు ఫోన్ వచ్చింది. ప్రతిసారీ ఫోన్ వస్తుందని నేను చెప్పను. రాకపోయినా మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

‘ఈ ధర ఈరోజు వరకే’, ‘సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది’ అన్నా కంగారుపడకండి. ఒక్కోసారి అది నిజమే అయి ఉండొచ్చు, బండి పోవచ్చు కూడా. అలాంటి బండి మళ్లీ దొరుకుతుంది. అడ్వాన్స్ కట్టమంటే, బేరం కుదరకపోయినా, మెకానిక్ వద్దన్నా తిరిగిస్తామని రసీదు మీద రాయించుకున్నాకే కట్టండి. సేల్స్‌మన్‌తో మాత్రం మర్యాదగానే ఉండండి. బండిని తిట్టి ధర తగ్గించాలని చూస్తే అవతలి మనిషి బిగుసుకుపోతారు. ఆయన చేతిలో ఉన్న చిన్నపాటి తగ్గింపు కూడా మనకు రాదు. నెలాఖరులో చాలా చోట్ల టార్గెట్లు ఉంటాయి కాబట్టి వీలైతే అప్పుడు వెళ్లడం మంచిది.

సంతకానికి ముందు

కోటేషన్‌లో ప్రతి వరుస మీదా వేలు పెట్టి ‘ఇది తప్పనిసరా?’ అని అడగండి. ప్రభుత్వానికి కట్టే ఫీజు, పన్ను తప్పవు. కోటింగ్‌లు, యాక్సెసరీలు, షోరూం సొంతంగా వేసే చార్జీలు మాట్లాడుకుంటే తగ్గుతాయి, కొన్ని పూర్తిగా పోతాయి. పోకపోతే కారు ధరలోంచి అంత తగ్గించమనండి. అదనపు వారంటీ తీసుకుంటే ఏ భాగాలకు వర్తిస్తుంది, ఏవి వర్తించవు, రిపేర్ ఎక్కడ చేయించాలి అన్నది అక్కడే కూర్చుని చదవండి. ‘సర్వీస్ చేయించి ఇస్తాం, ఆ గీత పోగొట్టిస్తాం’ అని నోటితో ఇచ్చిన ప్రతి మాటనూ కాగితం మీదికి తెప్పించండి. రాయని మాట డెలివరీ రోజు ఎవరికీ గుర్తుండదు.

చివరి మొత్తం కట్టే ముందు బండిని ఇంకోసారి నడిపి చూడండి. మీరు చూసినప్పటి టైర్లే, అదే బ్యాటరీ ఉన్నాయో లేదో చూసుకోండి. రెండో తాళంచెవి కూడా అప్పుడే అడిగి తీసుకోండి. ఇప్పటి కార్లలో చిప్ ఉన్న తాళంచెవి కొత్తది చేయించాలంటే ఖర్చు బాగానే అవుతుంది. ఒక్కటే ఉందంటే ఆ ఖర్చు కూడా మొత్తంలోంచి తగ్గించమనండి.