చలికాలం కథ మొదలుపెట్టే గేమ్ మాస్టర్లకు కొన్ని జాగ్రత్తలు

గేమ్ మాస్టర్ అంటే పాత్రలు వేసుకుని డైస్‌తో ఆడే కథల ఆటని నడిపేవాడు. డార్క్ ఫాంటసీ క్యాంపెయిన్‌ని (చాలా సెషన్లు సాగే చీకటి కథని) మంచులోకి దించే ముందు చలి నియమాన్ని ఒకసారి లెక్కేసి చూసుకోండి. అలాంటి ఆటల్లో ఒకటైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల్లో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోతే గంటకోసారి కాన్‌స్టిట్యూషన్ సేవ్ (పాత్ర ఒంటి దారుఢ్యం తట్టుకుంటుందో లేదో తేల్చే ఇరవై ముఖాల డైస్) వేయాలి, కనీసం 10 రావాలి, తప్పితే ఒక స్థాయి అలసట. బోనస్ లేని పాత్ర తప్పే అవకాశం 45 శాతం. మూడో స్థాయి అలసటకి చేరితే సేవ్‌లు కూడా డిసడ్వాంటేజ్‌తోనే (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి), ఆరో స్థాయిలో చావు. ఒక్క రాక్షసుడూ కనపడకుండానే పగటి నడకలో ఎవరో ఒకరు పోవచ్చు. అదే చలిదుస్తులు ఉంటే సేవ్ దానంతటదే గట్టెక్కుతుంది, ఇక చలి ఊసే ఉండదు. రెండూ బోరే.

అందుకే గంటగంటకీ డైస్ వేయించకండి. దుస్తుల మీద కన్నేయండి. ఏరు దాటుతుంటే తడవనివ్వండి, తోడేలు చేత చింపించండి. ఆరబెట్టుకోవడానికి మంట వేస్తే ఆ పొగ ఎవరికి కనపడుతుందో ఆటగాళ్లే ఆలోచించుకోవాలి.

మంత్రాల సంగతి ముందే చూసుకోండి. టైనీ హట్ అనే మంత్రంతో చిన్న గుడారం లాంటి గోపురం వేస్తే లోపల 8 గంటలు హాయి. ఆటగాడు ఎంచుకున్నాక నిషేధిస్తే గొడవే, అవసరమూ లేదు. మీడియం (మనిషంత) సైజు కంటే పెద్ద ప్రాణి ఆ పరిధిలో ఉంటే మంత్రం పారదు, అంటే గుర్రాలు బయటే. మంత్రం వేసినవాడు కాక లోపల పట్టేది తొమ్మిది మంది. వెంట ఇరవై మంది కాందిశీకుల్ని పెట్టండి, ఎవరిని లోపలికి తీసుకోవాలో ఆటగాళ్లే వాదించుకుంటారు, ఆ రాత్రి మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదు.

ఇంకో పనికొచ్చే విషయం: విపరీతమైన చలికి చనిపోయేవాళ్లు కొందరు చివర్లో ఒళ్లు మండిపోతున్నట్టు అనిపించి బట్టలు విప్పేసుకుంటారు. మంచులో నగ్నంగా దొరికిన శవాన్ని చూసి ఆటగాళ్ల జట్టు ఏ దెయ్యాన్ని అనుమానిస్తుందో చూడండి. అయితే నిజం తెలుసుకునే దారి ఒకటి ఉంచాలి, లేదంటే మోసం చేశారంటారు.

చలికాలం కథలో పండుగ పెడితే, అక్కడ మాస్టర్లు ఎక్కువగా తొందరపడతారు. మొదటి సీన్‌లోనే బలి ఇచ్చేస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. ఒక సెషన్ మొత్తం ఆటగాళ్ల పాత్రల్ని ఆడిపాడనివ్వండి. రోమన్ల సాటర్నేలియా పండుగ డిసెంబర్ 17న మొదలయ్యేది, ఆ రోజుల్లో యజమానులే బానిసలకు వడ్డించడమూ ఉండేది. అలాంటి తలకిందుల ఆచారం ఒకటి పెట్టి, పండుగ ముగిసినా ఒక ఇంట్లో యజమాని వడ్డిస్తూనే ఉన్నాడనుకోండి, భయం దానికదే వస్తుంది. డిసెంబర్ 5 రాత్రి ఆల్ప్స్ ఊళ్లలో తిరిగే క్రాంపస్‌ని (తప్పు చేసిన పిల్లల్ని శిక్షించే కొమ్ముల దెయ్యాన్ని) ఉన్నదున్నట్టు దింపితే మాత్రం సగం టేబుల్ నవ్వుతుంది. కొమ్ములు తీసేసి, పిల్లల్ని శిక్షించడం మాత్రం ఉంచుకోండి.

ఇక్కడే అసలు జాగ్రత్త. పిల్లలకు హాని, ఆకలి చావులు, నరమాంసం, వీటిలో ఏది వద్దో సెషన్ జీరోలోనే (ఆట మొదలుకాకముందు మాట్లాడుకునే రోజునే) ఒక్కొక్కరినీ విడిగా అడగండి, అందరి ముందు చాలామంది మొహమాటపడతారు. పండుగ రోజుల్లో ఇంట్లోవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు టేబుల్ దగ్గర ఉండొచ్చు. ఎక్స్ కార్డు (ఈ సీన్ వద్దని చెప్పడానికి ముట్టుకునే X గుర్తు కార్డు) బల్ల మీద పెట్టండి, ఎవరైనా ముట్టుకుంటే కారణం అడక్కుండా సీన్ మార్చేయండి.