ట్రాక్టర్ ట్రాలీని జాకీపై లేపి చక్రాల బేరింగులకు గ్రీసు పట్టించే విధానం

వానాకాలమంతా నారు కట్టలనూ ఎరువు బస్తాలనూ మోస్తూ బురద దారుల్లో, వాగు నీళ్లలో తిరిగిన ట్రాలీయే దసరా తరువాత పత్తిని, ఆపైన మిర్చిని వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు చేర్చాలి. ఈ మధ్యలో చక్రం నడుమ బేరింగులు కూర్చునే హబ్బులోకి నీరు చేరితే గ్రీసు తెల్లగా మజ్జిగలా మారి బేరింగును కాపాడలేని స్థితికి వస్తుంది. అందుకే పత్తి తీతకు ముందే ఒక పూట కేటాయించి బేరింగులను విప్పి చూడడం మంచిది. బేరింగు పని చాలామందికి తెలిసినదే అయినా, ట్రాలీని లేపే పద్ధతిలో మాత్రం అజాగ్రత్త ఎక్కువగా కనిపిస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

ముందుగా ట్రాలీని పూర్తిగా ఖాళీ చేయాలి. రెండు చక్రాల ట్రాలీ అయితే ట్రాక్టర్ నుంచి విప్పకూడదు, ఎందుకంటే హుక్కు పిన్ను తీసేస్తే ముందుభాగం పైకి లేవడమో కిందికి వాలడమో జరగవచ్చు. ట్రాక్టర్‌ను గేరులో ఉంచి, బ్రేకు బిగించి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. లేపని వైపు టైరుకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలను గట్టిగా తన్ని పెట్టాలి. నాలుగు చక్రాల ట్రాలీలో ముందు ఇరుసు, ట్రాక్టర్‌కు తగిలించే కడ్డీ అయిన డ్రాబార్‌తో పాటు తిరుగుతుంది కనుక, దానిని తిన్నగా నిలిపి, నేలపై ఉన్న మిగతా మూడు చక్రాలకూ దిమ్మెలు పెట్టాలి.

నేల విషయంలో రాజీ పడకూడదు. సిమెంటు కల్లం దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. మన నల్లరేగడి పైకి ఎండి గట్టిగా కనిపించినా లోపల తేమ ఉంటే జాకీ అడుగు మెల్లగా దిగిపోతుంది. ఒకసారి పరకాల దగ్గర చేను గట్టున ఇదే జరిగి, జాకీ పక్కకు ఒరగడం నా కళ్లతో చూశాను. అక్కడే పని చేయక తప్పకపోతే రెండు అంగుళాల మందం, జాకీ కంటే బాగా వెడల్పు ఉన్న గట్టి చెక్క పలకను అడుగున పరచాలి. రాతి పలక మీద ఇనుము జారుతుంది కనుక దానిని వాడకూడదు.

టైరు నేలమీద ఉండగానే వీల్ నట్లను అర చుట్టు వదులు చేయాలి. గాలిలో ఉన్న చక్రంపై పానా వేసి ఊగితే ట్రాలీ మొత్తం కదులుతుంది. తరువాత జాకీని ఇరుసు కింద, కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) కూర్చున్న చోటుకు దగ్గరగా, నిటారుగా నిలపాలి. ట్రాలీ అడుగు రేకుకు గానీ పక్క పలకకు గానీ జాకీ పెట్టకూడదు. టైరు నేలను వదిలి రెండు అంగుళాలు లేస్తే చాలు.

జాకీ లేపడానికే తప్ప మోయడానికి కాదు. లోపలి నూనెను ఆపే సీలు ఎప్పుడు వదులుతుందో బయటి నుంచి తెలియదు. కనుక లేపిన వెంటనే పక్కనే ఇరుసు కింద, ఆ బరువుకు సరిపోయే ఇనుప స్టాండు పెట్టి, దాని ఎత్తును నిలిపే పిన్ను పూర్తిగా దూరిందో లేదో చూసి, బరువు దానిపైకి దిగేలా జాకీని వదలాలి. ఆపై జాకీని తేలికగా ఆనేంతవరకు మళ్లీ లేపి ఉంచవచ్చు. స్టాండు లేనివారు మందపు చెక్క దుంగలను అడ్డం నిలువు పేర్చుకోవచ్చు గానీ, ఇటుకలనూ సిమెంటు బ్రిక్కులనూ ఎప్పుడూ నమ్మకూడదు. అవి ముందు సూచన ఇవ్వకుండా ఒక్కసారిగా చిట్లుతాయి. బరువు దిగాక ట్రాలీని చేత్తో గట్టిగా నెట్టి చూడాలి. విప్పిన చక్రాన్ని చాసీ కింద పడుకోబెడితే మరో రక్షణ ఉంటుంది. పిల్లలను దగ్గరికి రానీయకూడదు, ఎవరూ ట్రాలీ కిందికి దూరకూడదు.

చక్రం విప్పకముందే దానిని పైనా కిందా పట్టి ఊపితే బేరింగులో ఆట (వదులు) ఎంత ఉందో, తిప్పితే గరగర శబ్దం ఉందో తెలుస్తుంది. చక్రం విప్పాక హబ్బు మూత, నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ను, నట్టు, వాషరు వరుసగా తీసి, హబ్బును లాగి, బేరింగులను డీజిల్‌లో కడిగి ఆరబెట్టాలి. గుంటలు పడినా నీలిరంగు తిరిగినా బేరింగునూ, అది కూర్చునే బయటి వలయమైన కప్పునూ కలిపి మార్చాలి. అరచేతిలో లిథియం గ్రీసు వేసుకొని, రోలర్ల మధ్య నుంచి రెండో వైపుకు వచ్చేదాకా బేరింగును ఒత్తాలి. హబ్బు లోపలి సీలు, కాటర్ పిన్ను కొత్తవే వేయాలి. హబ్బును తిప్పుతూ నట్టు బిగించి, కొద్దిగా వదిలి, వేళ్లతో ఆనేంత బిగించి పిన్ను వేయాలి.

మూత పెట్టి, చక్రాన్ని మళ్లీ ఎక్కించాక, దించేటప్పుడు ముందు జాకీతో కొంచెం లేపి, స్టాండు తీసి, మెల్లగా జాకీ వాల్వు వదలాలి. వీల్ నట్లను ఒకదాని తరువాత ఎదుటి దానిని ఎంచుకుంటూ నేలమీదనే పూర్తిగా బిగించాలి. ఖాళీ ట్రాలీతో నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపి నట్లను మరోసారి పానాతో చూసి, హబ్బును తాకాలి. చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే బేరింగు నట్టు బిగువెక్కిందని అర్థం. అప్పుడు బరువు ఎక్కించకుండా ఇంటికి తెచ్చి, ఇదే వరుసలో మళ్లీ లేపి సరిచేయాలి.